చింగ్‌దావ్‌లో చీకటి పడ్డాక: ఊరు చూడండి, బిల్లు కూడా చూడండి

ప్రశ్న: మావారికి చైనాలోని చింగ్‌దావ్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల బయల్దేరుతున్నాం. సాయంత్రాలు ఒక్కదాన్నే సముద్రం ఒడ్డుకి వెళ్ళొచ్చా? రాత్రిపూట భయం ఉంటుందా?

జవాబు: నిక్షేపంగా వెళ్ళండమ్మా. రాత్రి తొమ్మిదింటికి కూడా ఒడ్డున ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు తిరుగుతూనే ఉంటారు. ఈ ఊళ్ళో మీరు భయపడాల్సింది బిల్లుకి.

2015 అక్టోబరు సెలవుల్లో ఇక్కడో చిన్న హోటల్లో ఒక పర్యాటకుడు ప్లేటు 38 యువాన్లు అనుకుని రొయ్యలు తిన్నాడు. లేచేటప్పుడు రొయ్య ఒక్కంటికి 38 అన్నారు. నలభై రొయ్యలకి 1,520 యువాన్లు! యువాను సుమారు 12 రూపాయలు వేసుకున్నా పద్దెనిమిది వేల పైమాటే. దేశమంతా గోలయి ఆ హోటలుకి 90,000 యువాన్ల జరిమానా పడింది. మనవాళ్ళు ఈ కథ విని నవ్వుతారు, మర్నాడు వెళ్ళి అదే తప్పు చేస్తారు. ఇక్కడ పాతబడిన వాళ్ళందరం ఏదో ఒక రూపంలో ఆ రుసుం చెల్లించినవాళ్ళమే, మీకెందుకు ఆ ముచ్చట.

అందుకని ధర అంకె చూసి ఊరుకోకండి, అది దేనికి ధరో చూడండి. ‘ఫెన్’ అంటే ప్లేటు. ‘జిన్’ అంటే అర కిలో. మన కిలో అనుకున్నారా, బిల్లు రెట్టింపు. కొన్నిటికి ఒక్కోటి చొప్పున లెక్క. ‘షిజ్యా’ అని రాసి ఉంటే ఆనాటి ధర, అంటే అడగందే తెలియదు. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుని, బోర్డుని ఫొటో తీసి పెట్టుకోండి. తొట్టెలోంచి తీసి తూచేటప్పుడు సంచిలో నీళ్ళు వంపేయమనండి. అడగడానికి సిగ్గుపడితే సముద్రం నీళ్ళు కూడా రొయ్యల ధరకే కొంటారు.

ఇంతకంటే చవక మార్గం ఉంది. తువాన్‌దావ్ బజారులోనో, యింగ్‌కౌ రోడ్డు బజారులోనో సాయంత్రమే సరుకు కొని, పక్కనున్న చిన్న హోటలుకిస్తే వండిపెడతారు. వంట కూలిని ‘జ్యాగోంగ్‌ఫెయ్’ అంటారు. అదీ ముందే మాట్లాడుకోవాలి, వంటకానికింతనా, అర కిలోకింతనా అని. ఇక్కడి వంటలు మన నాలుకకి చప్పగా ఉంటాయి కాబట్టి ‘లా ఛావ్ గాలా’ అడగండి. ఎండుమిర్చి వేసి పెద్ద మంట మీద వేయించిన గుల్లలు. నోరు తెరవని గుల్లని విప్పే ప్రయత్నం చెయ్యకండి, పక్కన పడెయ్యండి. పళ్ళకింద ఇసుక తగిలితే వాళ్ళు ఉప్పునీళ్ళలో నానబెట్టలేదన్నమాట. ఆ హోటలుకి రెండోసారి వెళ్ళనక్కర్లేదు.

డబ్బు చెల్లించడం ఇంకో తలనొప్పి. ఇక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లు అలీపేలో గానీ వీచాట్‌లో గానీ మీ వీసా, మాస్టర్‌కార్డుని ఇంట్లో ఉండగానే కలపండి. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చెయ్యకపోతే కొట్టువాడి ముందు బిక్కమొహం వేసుకుని నిలబడాలి. ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపుంటే వాళ్ళ రుసుం లేదు, దాటితే 3 శాతం. మీ బ్యాంకు వేసే మారకం రుసుం దానికి అదనం. నలుగురు వెళితే నలుగురూ విడివిడిగా కట్టండి. ఓ రెండు వందల యువాన్లు నోట్లుగా దగ్గరుంచుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోతే అవే దిక్కు. వీసా, పోలీసు నమోదు సంగతులు మీవారి ఆఫీసువాళ్ళు చూస్తారు. పాస్‌పోర్టు మాత్రం వెంట ఉండాలి.

ఇక తిరుగుడు. దీనికి ఖర్చు లేదు. రైల్వే స్టేషన్ నుంచి కాలినడకన ఝాన్‌చ్యావ్ వంతెనకి వెళ్ళొచ్చు. 1890లలో కట్టిన రేవు, 440 మీటర్లు సముద్రంలోకి సాగి, చివర ఎనిమిది మూలల మంటపం. దారిలో పడవ షికారంటూ వెంటపడేవాళ్ళకి తల అడ్డంగా ఊపి నడవండి. అక్కణ్ణించి మూడో నంబరు మెట్రో ఎక్కితే నేరుగా ‘మే నాలుగు’ అనే కూడలి. 30 మీటర్ల ఎర్ర సుడిగాలి శిల్పం, ఫుషాన్ అఖాతం చుట్టూ భవనాల మీద దీపాల ఆట. వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ఆ రోజే కనుక్కోండి. జనం శిల్పం దగ్గరే కిక్కిరిసి ఉంటారు. మీరు ఇంకాస్త నడిచి 2008 ఒలింపిక్ పడవ పందేల రేవులోని ప్రేమికుల గట్టు మీదికి వెళ్ళండి, భవనాల వరసంతా నీళ్ళకి అవతల ఎదురుగా కనిపిస్తుంది. వసంతం నుంచి జులై దాకా సముద్రపు పొగమంచు కమ్మితే ఏమీ కనబడదు, ఆ రాత్రి టాక్సీ డబ్బులు దండగ. అద్దె సైకిలు జోలికి పోకండి. పాత ఊరంతా ఎత్తుపల్లాలే, స్థానికులే తొక్కరు.

తిరుగుదారిలో రెండో నంబరు మెట్రోలో తైదోంగ్ దిగితే రాత్రి బజారు. 1903 నాటి బీరు ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా, పోత బీరుని తూకం వేసి ప్లాస్టిక్ సంచిలో పోసిస్తారు, కొబ్బరినీళ్ళలా స్ట్రా పెట్టి. మీవారికని కొంటే సంచి మెడ గట్టిగా పట్టుకోండి, ముడి జారితే చెప్పులదాకా బీరే. చివరి మెట్రో వేళ మాత్రం స్టేషన్‌లో దిగగానే గోడ మీద చూసుకోండి. అది తప్పితే టాక్సీయే.