30 మంది ఆఫీసుకు ఓపీఎన్‌సెన్స్ పెట్టాలంటే ఎలాంటి మెషీన్ తీసుకోవాలి?

30 మంది, 300 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్, వాడకుండా పక్కన పెట్టిన పాత డెస్క్‌టాప్. దాని మీద ఓపీఎన్‌సెన్స్ (మామూలు కంప్యూటర్‌ని ఫైర్‌వాల్, రౌటర్‌గా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) నడుస్తుందా అన్నది మీ ప్రశ్న. నడుస్తుంది. నేర్చుకోవడానికి ముందు దాని మీదే వేసి చూడండి. కానీ ఆఫీసు మొత్తం ఆధారపడే గేట్‌వేకి (ఆఫీసు నెట్‌వర్క్‌ని ఇంటర్నెట్‌తో కలిపే మెషీన్‌కి) మాత్రం ఫ్యాన్ లేని చిన్న మెషీన్ కొనమంటాను. రాత్రింబవళ్లు నడిచేది కదా, కరెంటు ఖర్చు కూడా చూసుకోవాలి.

అందరూ ముందు ప్రాసెసర్ చూస్తారు. నేనైతే నెట్‌వర్క్ పోర్టులు చూస్తాను. ఓపీఎన్‌సెన్స్ కింద ఉండేది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఇంటెల్ చిప్ పోర్టులకు అందులో డ్రైవర్లు బాగుంటాయి. రియల్‌టెక్ అయితే తరచూ విడిగా డ్రైవర్ ప్లగిన్ వేసుకోవాల్సి వస్తుంది. కనీసం రెండు పోర్టులు కావాలి. రేపు బ్యాకప్ లైన్ తీసుకుంటే టెన్షన్ లేకుండా నాలుగు ఉన్నది తీసుకోండి.

మీది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షనా? అయితే వచ్చే ట్రాఫిక్ భారం ఎక్కువగా ఒకే కోర్ మీద పడుతుంది. అందుకే కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగమే ముఖ్యం. ఇంటెల్ ఎన్100 లాంటి 4 కోర్ల చిప్, 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ మీకు సరిపోతాయి. బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితంగా కనెక్ట్ కావడానికి ఓపెన్‌వీపీఎన్ వాడేవాళ్లుంటే, చిప్‌లో ఏఈఎస్-ఎన్‌ఐ (ఎన్‌క్రిప్షన్‌ని వేగంగా చేసే సదుపాయం) ఉందో లేదో చూసుకోండి, ఎన్100లో ఉంది. దాడులను పసిగట్టే సురికాటా అనే సాఫ్ట్‌వేర్‌తో ట్రాఫిక్ తనిఖీ చేయించాలనుకుంటే మాత్రం ఇంకాస్త బలమైన చిప్, 16 జీబీ ర్యామ్ తీసుకోండి.

మెషీన్‌తో పాటు ఫైబర్ మోడెమ్‌ని కూడా యూపీఎస్ మీద పెట్టడం మర్చిపోవద్దు.