గుత్తి కోట కింది దొరల సమాధులు: మన్రో ఎక్కడ ఉన్నాడు, ఆ రాతలు ఎలా చదవాలి?

థామస్ మన్రో సమాధి గుత్తి కోట దిగువనున్న దొరల శ్మశానంలో ఉందని కొందరు, మద్రాసులో ఉందని కొందరు అంటున్నారని, ఇందులో ఏది నిజమో, అక్కడి తక్కిన రాళ్ల మీది రాతలు చదవడానికి వీలవుతుందో లేదో చెప్పమని అడిగారు. మాది అనంతపురమే, పాత సమాధి రాతలు చదివి రాసుకునే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. రెండు మాటల్లోనూ నిజముంది, అయితే ముందు గుత్తి, తరువాత మద్రాసు.

1800లో నిజాం దత్తమండలాలను, అంటే ఇంచుమించు నేటి రాయలసీమను, బళ్లారిని, ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఇక్కడ పనిచేసిన మన్రో, 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి వదిలి స్వదేశానికి వెళ్లిపోయే ముందు ఈ జిల్లాలను కడసారి చూడాలని 1827లో బయలుదేరి, కలరా సోకి జూలై 6న పత్తికొండలో మరణించాడు. పొద్దున జబ్బుపడిన మనిషి ఆ రాత్రికే పోయాడు. దేహాన్ని గుత్తికి తెచ్చి కోట కింద పాతిపెట్టారు. 1831లో అవశేషాలను వెలికితీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం తోట వేయించి, బావి తవ్వించింది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారు కూడా మన సీమలో ఉండేవారు. ఆయన స్థిరపరచిన రైత్వారీ శిస్తు మోయలేనిదని తిట్టుకున్నవారు ఎందరో, అది వేరే చర్చ.

కాబట్టి గుత్తికి వెళ్లేవారు మన్రో పేరు చూసి ఫొటో తీసుకుని తిరిగి వచ్చేస్తే, మనిషి లేని చోటును చూసి, మనుషులున్న చోటును వదిలివేసినట్టే. ఇటువంటి కంపెనీ కాలపు శ్మశానాలలో చరిత్ర ఎక్కువగా దొరికేది ఎవరూ ఆగి చూడని చిన్న రాళ్ల దగ్గరే. పాతికేళ్లయినా నిండని సైనికాధికారులు, నెలల పసికందులు, కాన్పులో పోయిన ఇల్లాళ్లు, వీరి వయస్సును ఏళ్లు, నెలలు, రోజులతో సహా చెక్కించేవారు. అడుగు పంక్తిని తప్పక చదవండి. రాయిని తోటి అధికారులు వేయించారని ఉంటే, అయినవాళ్లు దగ్గర లేరన్న సంగతి చాలావరకు అర్థమవుతుంది. పటాలం పేరు దగ్గర ఎం.ఎన్.ఐ. అని ఉంటే అది కంపెనీవారి సిపాయి పటాలం, మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీ, హెచ్.ఎం. అని మొదలైతే బ్రిటన్ నుంచి వచ్చిన రాజుగారి పటాలం. ఇంకా కిందికి, ఒక మూలన, చిన్న అక్షరాలలో రాయి చెక్కిన శిల్పి పేరు, ఊరు కనిపించడమూ కద్దు.

చదవడానికి మిట్టమధ్యాహ్నం వెళితే ప్రయోజనం లేదు. ఎండ నిట్టనిలువుగా పడే వేళ అరిగిన అక్షరం రాతిలో కలిసిపోతుంది. పొద్దున్నే గాని, సాయంత్రం గాని ఏటవాలు వెలుగులో ప్రతి గీతకూ సన్నని నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. చెట్టు నీడలో ఉన్న రాయికి మాత్రం ఒక నిలువుటద్దం తీసుకువెళ్లి, పక్కనుంచి వెలుగు కొట్టించాలి. పాలరాతిలో సీసం పోసి నింపిన అక్షరాలైతే ఆ సీసం ఊడిపోయిన చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి, వాటి వరుసను బట్టి ఏ అక్షరమో పోల్చుకోవచ్చు. అరిగిన అంకెలలో 1కీ 7కీ, 3కీ 8కీ తేడా పట్టడం కష్టం కనుక, వేర్వేరు వేళల్లో తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూడనిదే సంవత్సరం రాసుకోకండి. అక్షరాలు తేలడానికి సుద్ద పూయడం, ఇనుప బ్రష్షుతో గీకడం, ఆమ్లం పోయడం ఎంతమాత్రం కూడదు. కడప బండ వంటి పొరల రాయిని ఒక్కసారి గీకితే చాలు, పైపొరతో పాటు రాత కూడా లేచిపోతుంది.

రాయి బొత్తిగా చదవరాకపోతే ముందుగా జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ప్రచురించిన మద్రాసు రాష్ట్ర సమాధి శాసనాల జాబితా చూడండి. అందులో మన జిల్లాల రాతలు కూడా ఉన్నాయి. అక్కడా లేకపోతే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు రికార్డులలో, మద్రాసు ప్రాంతపు ఖనన రిజిస్టర్లు ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. పేరులో సగమైనా, సంవత్సరం ఉజ్జాయింపుగానైనా చేతిలో ఉంటే వాటిలో వెతకడం తేలికవుతుంది.