మాస్టారూ, ఒక్క మాట!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే తీరు. "గ్రూప్స్‌కి చదువుతున్నాను మాస్టారూ, ఒక్క ముక్కలో చెప్పండి చాలు." ముప్పై మూడేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి. ఒక్క ముక్కలో చెప్పడం అప్పుడే చేతకాలేదు, రిటైరయ్యాక ఏం వస్తుంది? ఒక్క ముక్క చాలన్నవాళ్లు గైడు కొనుక్కోండి. మిగతావాళ్లు అలా అరుగుమీద కూర్చోండి.

*మా నాన్న హైదరాబాదులో పనిచేస్తారు. అక్కడివాళ్లు "మీది శ్రీకృష్ణదేవరాయల ఊరు కదా" అంటారట. రాయలవారు మన విజయనగరం కోటలో ఉండేవారా?*
— ఇంటర్ విద్యార్థిని, చీపురుపల్లి

ఉండలేదమ్మా. ఆయన విజయనగరం తుంగభద్ర ఒడ్డున హంపిలో ఉంది. ఇక్కడ ఉత్తరాంధ్రలో ఉన్న మన విజయనగరం కోటకి పునాది పడింది 1713లో. రాయలు పోయింది 1529లో. మధ్యలో నూట ఎనభై నాలుగేళ్లు. దీనికితోడు 2021లో కర్ణాటకవాళ్లు హోసపేట కేంద్రంగా విజయనగర అని కొత్త జిల్లా కూడా పెట్టుకున్నారు. ఇక ఫోన్లో వెతికేవాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు. మా మేనల్లుడి పెళ్లికి ఒకాయన హంపి ఫొటోలు చూసి ముచ్చటపడి వచ్చాడు. స్టేషన్లో దిగి "రాతి రథం ఎటువైపండీ?" అని ఆటోవాణ్ణి అడిగాడు.

అయినా మీ నాన్నగారు మరీ ఓడిపోనక్కర్లేదు. రాయలు ఇటు వచ్చారు. ప్రతాపరుద్ర గజపతి మీద కళింగ దండయాత్రకి వచ్చి, 1516లో సింహాచలం అప్పన్నని దర్శించి శాసనం వేయించారు. పొట్నూరులో జయస్తంభం నాటించారు. ఆ పొట్నూరు పద్మనాభం మండలంలో ఉంది, మనకి పక్కనే. ఆ పద్మనాభం దగ్గరే 1794 జులై 10న మన విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలాడు. పేష్కషు (కప్పం) బాకీ కట్టు, కోట వదిలి మచిలీపట్నం వెళ్లి మేమిచ్చే పింఛను తీసుకుని కూర్చో అన్నారు కంపెనీవాళ్లు. ఆయన వెళ్లలేదు. హైదరాబాదువాళ్లు మళ్లీ అడిగితే ఈ కథ చెప్పమనండి, సరిపోతుంది.

*ఇండియా క్రికెట్ జట్టుకి మన విజయనగరం ఆయన కెప్టెన్ అట. మరి ఊళ్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరేం?*
— క్రికెట్ పిచ్చోడు, నెల్లిమర్ల

చెప్పుకుంటే తర్వాతి ప్రశ్న "ఎన్ని పరుగులు కొట్టాడు?" అని వస్తుంది బాబూ, అందుకని.

పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు. 1905లో పుట్టారు. రెండో కొడుకు కాబట్టి గద్దె రాలేదు, మహారాజ్‌కుమార్ అయ్యారు. లోకానికి 'విజ్జీ'. 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకి కెప్టెన్. మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్సులు, మొత్తం 33 పరుగులు. సగటు 8.25. మా బడి టీములో పదకొండోవాడిగా దిగే గుంటడు ఇంతకంటే మెరుగ్గా ఆడేవాడు.

పరుగుల సంగతి పోనిద్దాం. లాలా అమరనాథ్ అప్పటికి జట్టులో మంచి ఫాములో ఉన్నవాడు. అతన్ని మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా క్రమశిక్షణ పేరు చెప్పి ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మాంచెస్టర్ టెస్టులో విజయ్ మర్చంట్‌ని రనౌట్ చేయించమని ముస్తాక్ అలీకి కెప్టెన్ దగ్గర్నుంచే కబురందింది. ముస్తాక్ పిచ్ మీదకి వెళ్లి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడు. ఇద్దరూ నవ్వుకుని తొలి వికెట్‌కి 203 పరుగులు కొట్టారు. ముస్తాక్ 112, మర్చంట్ 114. విదేశీ గడ్డ మీద మనవాడి మొదటి టెస్టు సెంచరీ ఆ ముస్తాక్‌దే. ఆ టెస్టు డ్రా అయింది, మిగతా రెండూ ఓడిపోయాం. విజ్జీకి మాత్రం ఆ టూరులోనే 'సర్' బిరుదు దక్కింది.

ఆయన్ని వెక్కిరించి ఊరుకుంటే అన్యాయమవుతుంది. 1930-31లో ఇంగ్లండు ఆటగాళ్లు జాక్ హాబ్స్‌ని, సట్‌క్లిఫ్‌ని సొంత ఖర్చుతో ఇండియాకి తెచ్చి ఆడించిన మనిషి. అప్పట్లో లోకంలో వాళ్లని మించిన ఓపెనింగ్ జోడీ లేదు. తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడు కూడా అయ్యారు. యూనివర్సిటీ కుర్రాళ్లు జోన్లవారీగా ఆడే విజ్జీ ట్రోఫీ ఆయన పేరుమీదే నడుస్తోంది. ఖర్చుపెట్టి పెవిలియన్లో కూర్చుని ఉంటే ఈపాటికి మన ఊళ్లో ఆయనకి నిలువెత్తు విగ్రహం లేచేది. ప్యాడ్లు కట్టుకున్నారు, అక్కడొచ్చింది తంటా. రేడియోలో ఆయన కామెంటరీ వినేవారు మా నాన్న. ఓవర్ మధ్యలో పులివేట కథ మొదలైతే బంతి ఎటు పోయిందో తెలిసేది కాదట.

*సిరిమాను ఏ చెట్టు? ఎప్పుడు ఎక్కిస్తారు?*
— గృహిణి, ప్రస్తుతం నాగపూర్

పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి మాను చింత మాను. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ముందురోజు సోమవారం తొలేళ్లు, అంటే జాతర తొలిరోజు. రైలు టిక్కెట్టు ఇప్పుడే చేయించుకోండి.

*కోడి రామ్మూర్తి నాయుడు గారు శ్రీకాకుళం జిల్లావాడా, పార్వతీపురం మన్యం జిల్లావాడా? మా ఇంట్లో పందెం నడుస్తోంది.*
— పాలకొండ

ఇద్దరూ ఓడిపోయారు, పందెం డబ్బులు నాకు పంపండి. ఆయన ఊరు వీరఘట్టం. అది 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు మన్యం జిల్లా. కానీ శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950 ఆగస్టు 15న. కలియుగ భీముడు 1942లోనే కన్నుమూశారు. గుండెలమీద ఏనుగుని ఎక్కించుకున్నవాడు, రెండు చేతులకీ రెండు కార్లు కట్టుకుని కదలకుండా ఆపినవాడు, ఈ రెండు జిల్లాల్లో ఒక్కదాని పేరూ వినకుండానే వెళ్లిపోయాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. సర్కసు పెట్టకముందు ఇక్కడ విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేశారు కాబట్టి మావాడని నేనూ అనొచ్చు. అననులెండి.

*సిడ్నీలో మల్లీశ్వరికి గోల్డు కొద్దిలో పోయిందంటారు. ఎంత కొద్దిలో?*
— జిమ్ కోచ్, రాజాం

రెండున్నర కిలోలు.

2000 సెప్టెంబరు 19. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదటిసారి. 69 కిలోల విభాగంలో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి స్నాచ్‌లో (ఒకే ఊపున తలమీదికి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకి, తర్వాత తలమీదికి) 130 ఎత్తింది. మొత్తం 240. చైనా అమ్మాయి లిన్ వైనింగ్, హంగరీ అమ్మాయి మార్కుస్ చెరో 242.5 ఎత్తారు. ఇద్దరిదీ సమానమే అయినా ఒళ్లు తేలికగా ఉన్నవాళ్లకే పెద్ద పతకం అన్న నియమం మీద చైనాకి స్వర్ణం వెళ్లింది. మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నానికి 137.5 అడిగింది. లేచి ఉంటే 247.5, తిరుగులేని బంగారం. లేవలేదు.

కొంచెం తక్కువ అడిగి ఉంటే అని ఇప్పటికీ టీకొట్ల దగ్గర లెక్కలు వేసేవాళ్లున్నారు. నాకా లెక్కలు నచ్చవు. 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆవిడ 54 కిలోల విభాగంలో ఉండేది. అక్కణ్ణుంచి బరువు పెరిగి, పెద్ద విభాగంలోకొచ్చి, ఇంకా గట్టివాళ్లతో తలపడింది. బంగారం కోసం వెళ్లినమ్మాయి బంగారానికి సరిపడా బరువే అడుగుతుంది. ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి వచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్స్‌లో భారత మహిళ గెలిచిన మొదటి పతకమూ అదే.

మర్నాడు ఎనిమిదో తరగతిలో ఈ సంగతి చెప్తుంటే, బియ్యం మిల్లు కళాసీ గారబ్బాయి ఒకడు లేచాడు. "ఏటి మాస్టారూ, వంద కిలోల బస్తా మా అయ్య వీపుమీదే మోస్తాడు, ఆవిడ నూటముప్పై తలమీంచి ఎత్తిందా?" ఎత్తిందిరా అన్నాను. వాడు చాలాసేపు కూర్చోలేదు. నేనూ కూర్చోమనలేదు.

*పొందూరు ఖద్దరుకి చేప పళ్లు వాడతారని రీల్‌లో చూశాను. నిజమేనా?*
— పలాస

పళ్లే కాదు, దవడంతా. వాలుగ చేప దవడలో సన్నని పళ్లు ఒత్తుగా, దువ్వెనకన్నా దగ్గరగా ఉంటాయి. దాన్ని ఎండబెట్టి, గింజ తీయని పత్తిని దానితో దువ్వుతారు. నార ఒక దిక్కుకి వాలుతుంది, నలక రాలిపోతుంది. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, ఒంటి కదురు రాట్నం మీద వడకడం. ఎక్కువగా ఆడవాళ్ల చేతి పనే. ఇనప దువ్వెన ఎందుకు వాడరని నేనూ ఒకసారి అక్కడ ఒక ముసలమ్మనడిగాను. "నార తెగిపోద్ది బాబూ" అంది, రాట్నం ఆపకుండా.

అక్కడ వడికే వంద కౌంటు నూలంటే ఏమిటో చాలామందికి తెలీదు. మిల్లు లెక్కలో పౌను పత్తికి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత కౌంటు. వంద చిలపలంటే 84,000 గజాలు, డెబ్బై ఆరు కిలోమీటర్ల పైమాట. అరకిలో కూడా లేని పత్తిని దారం తీసుకుంటూ విజయనగరంలో బయల్దేరితే శ్రీకాకుళం చేరాక కూడా చేతిలో ఇంకాస్త మిగులుతుంది. గాంధీగారు ఈ నేత సంగతి విని కొడుకు దేవదాస్‌ని చూసి రమ్మని పంపారు. అక్కినేని నాగేశ్వరరావు గారు కట్టిన పంచెలు ఇక్కడివే. నా దగ్గరా ఒకటుంది, రిటైర్మెంటుకి పెట్టారు. గంజి పెట్టించడానికే భయం, తీసి చూసి మళ్లీ బీరువాలో పెడుతుంటాను.

*అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల్ని ఏడాదికి రెండుసార్లే ఎందుకు తాకుతాయి? మా సైన్సు టీచరు "అదంతే" అన్నారు.*
— తొమ్మిదో తరగతి, శ్రీకాకుళం

"అదంతే" సైన్సు జవాబు కాదమ్మా. సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. ఉత్తరాయణంలో ఉత్తరానికి, దక్షిణాయనంలో దక్షిణానికి కొంచెం కొంచెం జరుగుతాడు. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి తూర్పు దిక్కున ఒకే బిందువు దాటుతాడు. అరసవల్లిలో ఆ రోజులు మార్చి 9, 10, మళ్లీ అక్టోబరు 1, 2. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20కి పదిరోజులు ముందు, సెప్టెంబరు 23కి సుమారు తొమ్మిది రోజులు తర్వాత. లెక్క దాదాపు సరిపోయిందా? ఆ కోణానికి గోపురం, ద్వారాలు, గర్భగుడి తిన్నగా కుదిర్చినవాడి గొప్పతనం అది. మబ్బు పట్టిన ఏడాది మాత్రం ఎవరి లెక్కా పనిచేయదు.

*ఘంటసాల, సుశీల గార్లు విజయనగరం సంగీత కళాశాలలో కలిసి చదువుకున్నారా?*
— బొబ్బిలి

కాలేజీ ఒకటే, కాలం వేరు. ఘంటసాల గారు 1922లో, సుశీలమ్మ 1935లో పుట్టారు. ఆవిడ ఇక్కడ పాఠం నేర్చుకునేనాటికి ఆయన మద్రాసులో ఉన్నారు. ఆవిడది ఈ ఊరే. ఆయన మాత్రం చేతి ఉంగరం అమ్ముకుని రైలెక్కి వచ్చారు. వచ్చేసరికి కాలేజీకి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. తిండికి జోలె కట్టుకుని ఇంటింటా మధుకరం (భిక్ష) ఎత్తుకున్నారు. ఆ వీధుల్లో అన్నం పెట్టిన తల్లుల్లో కొందరైనా తర్వాత రేడియోలో ఆ గొంతు విని ఉంటారు కదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

కాలేజీ పెట్టింది 1919లో. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆ ఏడే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాయులీనం విన్న దాసుగారు "నువ్వు నేర్చుకునేదేమిటి, నేర్పు" అన్నట్టు మేష్టారి ఉద్యోగం ఇచ్చారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్లు.

*మాస్టారూ, గుర్తున్నానా? ఇరవై ఏళ్ల కిందట మీరు పెట్టిన క్విజ్‌లో "కన్యాశుల్కం ఏ సంవత్సరం?" అని అడిగారు. నేను 1892 అన్నాను. తప్పు, 1897 అన్నారు. ఫస్టు ప్రైజు జామెట్రీ బాక్స్ పక్క బడివాళ్లు పట్టుకుపోయారు. మొన్న మా అమ్మాయి పుస్తకం ముందుమాటలో 1892 అని ఉంది. ఇప్పుడేమంటారు?*
— పేరు రాయను, గజపతినగరం

తప్పు నాదే.

మన ఊళ్లో జగన్నాథ విలాసినీ సభవాళ్లు కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో. ఆనంద గజపతి మహారాజుకి అంకితమిచ్చి అచ్చువేసింది 1897లో. అక్కడితో కూడా అయిపోలేదు. గురజాడవారు దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేదీ, జె.వి. సోమయాజులు, రమణమూర్తి సోదరులు ఏళ్లతరబడి ఆడిందీ, 1955లో సినిమాగా చూసిందీ దాన్ని పట్టుకునే. మూడు సంవత్సరాలూ నిజమే. "ఏ సంవత్సరం?" అన్న నా ప్రశ్నకే కాళ్లు లేవు. చేతిలో గైడు ఉంది, అందులో 1897 ఉంది, ఎదురుగా లేచి నిలబడ్డ పిల్లవాడి ముఖం చూడలేదు.

పేరు రాయకపోయినా 'ళ' కింద తోక అంత పొడుగ్గా లాగేవాడివి నువ్వొక్కడివేరా, మూడో బెంచీ కిటికీ పక్క. నిన్న సాయంత్రం గంటస్తంభం దగ్గర కొట్లో జామెట్రీ బాక్స్ కొన్నాను. పిల్లది ఏ క్లాసో రాయి, అడ్రసు కూడా రాయి. అందులో వృత్తలేఖిని ముల్లు మరీ వాడిగా ఉంది. కొసకి ముక్క రబ్బరు గుచ్చి పంపిస్తాను.