ప్రొజెక్టర్ ఊ కొట్టేదాకా ఆగు

చిరంజీవి అల్లుడికి,

హనుమకొండ నుంచి మామ రాస్తున్నది. కరీంనగర్‌లో కొత్త ఉద్యోగంలో చేరావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. నిన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ చూశాను. "మామా, సెమినార్ హాలు ప్రొజెక్టర్‌కు ల్యాప్‌టాప్ నుంచి ఆన్ కమాండ్ పంపుతున్నా, ఉలుకూ లేదు పలుకూ లేదు. నెట్‌వర్క్ ఖరాబైందా ఏంది?" అని అడిగావు. పింగ్ (పరికరం పలుకుతోందా అని చూసే పరీక్ష) వెళ్తోందని, కనెక్షన్ కూడా కలుస్తోందని నువ్వే రాశావు. ఇక నెట్‌వర్క్‌ను తిట్టకు. నాకు అనుమానం నువ్వు పంపే వాక్యం మీదే, అందులోనూ దాని చివర మీద.

మీ ప్రొజెక్టర్ మాట్లాడేది పీజేలింక్. కంపెనీ ఏదైనా ఒకే మాట అర్థమయ్యేలా జపాన్‌లో పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి అది. నెట్‌వర్క్‌లో అది వినే తలుపు టీసీపీ పోర్టు 4352. వాక్యం చాలా చిన్నది. ముందు % గుర్తు, వెంటనే 1, దానికి ఆనుకొని నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత విలువ. పవర్‌కు ఆ నాలుగు అక్షరాలు పి, ఓ, డబ్ల్యూ, ఆర్. విలువ 1 అయితే ఆన్, 0 అయితే ఆఫ్. మొదట్లో వచ్చే 1 పద్ధతి తరగతిని చెప్పేది మాత్రమే. ఆఫ్ చేయాలనుకొని దాన్ని 0గా మార్చినవాళ్లను చూశాను, నువ్వు ఆ పని చేయకు.

ఇప్పుడు చివర సంగతి. చౌరస్తా దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను లోయర్, హయ్యర్ పాసైన రోజుల్లో మిషన్‌కు ఎడమవైపు ఒక లీవర్ ఉండేది. వరుస అయిపోగానే దాన్ని లాగితే క్యారేజ్ మొదటికి వచ్చేది, కాగితం ఒక వరుస పైకి జరిగేది. ఒక్క లాగుడుకు రెండు పనులు. కంప్యూటర్‌లో ఆ రెంటికీ వేర్వేరు గుర్తులున్నాయి. మొదటికి రావడం క్యారేజ్ రిటర్న్, దాని నంబరు 13. వరుస మారడం లైన్ ఫీడ్, దాని నంబరు 10. పీజేలింక్‌కు కావలసింది 13. నువ్వు లైనక్స్‌లో నెట్‌క్యాట్ (నెట్‌వర్క్ పరికరంతో నేరుగా టైపు చేసి మాట్లాడే ప్రోగ్రాం) తెరిచి ఎంటర్ కొడితే వెళ్లేది 10. ప్రొజెక్టర్ దృష్టిలో నీ వాక్యం ఇంకా పూర్తి కాలేదు. సంతకం లేని దరఖాస్తును గుమాస్తా పక్కన పెట్టినట్టు, అది నీ మాటను పక్కన పెట్టి ఎదురుచూస్తుంది. 30 సెకన్లు ఏమీ జరగకపోతే కనెక్షన్ తెంచేస్తుంది. నువ్వు నెట్‌వర్క్ పోయిందనుకున్నది ఇదే అయివుంటుంది.

రాసింది రాసినట్టు పంపే ప్రింట్‌ఎఫ్ కమాండ్‌తో పంపితే చివర బ్యాక్‌స్లాష్, చిన్న ఆర్ పెట్టు, 13 వెళ్తుంది. అక్కడ ఇంకో మెలిక ఉంది. ప్రింట్‌ఎఫ్‌కు % గుర్తు తన సొంత సైగ. అందుకని దాన్ని రెండుసార్లు రాస్తేనే ప్రొజెక్టర్‌కు ఒక్కటి చేరుతుంది. ఈ ఒక్క గుర్తు కోసం నేను కాజీపేటలో ఒక పూటంతా నిచ్చెన ఎక్కి దిగాను, కేబుళ్లు మార్చాను. కేబుళ్లు బంగారంలా ఉన్నాయి.

ఇంకొకటి. కనెక్షన్ కలవగానే ముందు మాట్లాడేది ప్రొజెక్టరే. పీజేలింక్ అని చెప్పి పక్కన 0 అంటే పాస్‌వర్డ్ అక్కర్లేదు. 1 అని, దాని వెనక ఎనిమిది అక్షరాల సంఖ్య ఇస్తే, ఆ సంఖ్యకు పాస్‌వర్డ్ అతికించి ఎండీ5 (మాటను గుప్త అక్షరాలుగా మార్చే లెక్క) కట్టి, వచ్చిన 32 అక్షరాలను నీ మొదటి కమాండ్‌కు ముందు పెట్టాలి. ఆ పలకరింపు వినకుండా మీద పడకు.

ఒగ్గు కథ చెప్పేవాడికి పక్కన వంత ఎట్లాగో, మనకు ఈ జవాబులు అట్లా. నేను చాలాకాలం వాటిని చదివేవాణ్ణి కాదు. స్క్రిప్ట్ రాసి కమాండ్ విసిరేసేవాణ్ణి, అంతే. ఒక కాలేజీలో సెప్టెంబర్ 9న, కాళోజీ జయంతి సభ. మధ్యలో టీ విరామం కదా అని ప్రొజెక్టర్ ఆపాను. ముఖ్య అతిథి అనుకున్నదానికంటే ముందే వేదిక ఎక్కారు. ఆన్ కమాండ్ పంపాను, తెర నల్లగానే ఉంది. పది సార్లు పంపాను. టెన్షన్‌లో ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. తెర వెలగడానికి మరింత ఆలస్యమైంది, ప్రిన్సిపాల్ చూపు ఇప్పటికీ గుర్తుంది. అసలు జరిగిందేమిటంటే ల్యాంపు చల్లారుతోంది, ఫ్యాను తిరుగుతోంది. విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి అడిగివుంటే 2 అని చెప్పేది. 0 అంటే నిద్ర, 1 అంటే వెలుగుతోంది, 2 చల్లారుతోంది, 3 వేడెక్కుతోంది. నేను పంపిన పది కమాండ్లకూ అది ఎర్రర్ 3, అంటే "ఇప్పుడు వీలుకాదు" అని మర్యాదగా చెప్పే ఉంటుంది. వినే నాథుడు లేడు. ఆ ప్లగ్గు పీకుడు ల్యాంపుకు చేసిన ద్రోహం, ఫ్యాను ఆగకముందే కరెంటు తీయకూడదు.

ఎర్రర్ 1 వస్తే ఆ కమాండ్ దానికి తెలియదు, స్పెల్లింగ్ చూసుకో. 2 వస్తే విలువ తప్పు. ఇన్‌పుట్ మార్చేటప్పుడు ఈ 2 తరచుగా తగులుతుంది. హెచ్‌డీఎంఐ ఒక మోడల్‌లో 31 అయితే ఇంకోదానిలో 32. ఊహించకు. ఐ, ఎన్, ఎస్, టి అనే నాలుగు అక్షరాలతో అడిగితే తనకున్న ఇన్‌పుట్ల జాబితా అదే ఇస్తుంది. ఎర్రర్ 4 వస్తే మాత్రం మిషన్‌లోనే లోపం. అప్పుడు ఇ, ఆర్, ఎస్, టి అని అడుగు, ఆరు అంకెలు వస్తాయి: ఫ్యాను, ల్యాంపు, వేడి, మూత, ఫిల్టర్, ఇతరాలు, ఈ వరుసలో. 0 బాగున్నట్టు, 1 హెచ్చరిక, 2 లోపం. ఎనుమాముల మార్కెట్ వైపు ఒక హాలులో ఐదో అంకె 1 అయింది. వెళ్లి ఫిల్టర్ తీస్తే దూది పరుపులా ఉంది. పత్తి సీజన్ మరి.

హాలులో కమాండ్‌తో తిరిగే కెమెరాలుంటే వాటిది వేరే భాష, విస్కా. అక్కడ అక్షరాలు కాదు, హెక్స్ (పదహారు అంకెల లెక్క)లో రాసే బైట్లు. 81తో మొదలై ఎఫ్ఎఫ్‌తో ముగుస్తుంది. మంచి కెమెరా రెండుసార్లు ఊ కొడుతుంది. జవాబులో రెండో బైట్ 4తో మొదలైతే "విన్నాను", 5తో మొదలైతే "అయిపోయింది". ఈ రెండోది రాకముందే ఇంకో ప్రీసెట్‌కు (ముందే గుర్తుపెట్టించిన చోటుకు) పొమ్మంటే సగం తిరిగి ఆగి, నీ మీద అలుగుతుంది. సోనీవాళ్ల నెట్‌వర్క్ విస్కా యూడీపీ 52381 మీద నడుస్తుంది. వేరే కంపెనీలవి వేరే పోర్టుల్లో ఉంటాయి, మాన్యువల్ చూడు.

ప్రొజెక్టర్ సెట్టింగుల్లో స్టాండ్‌బై (నిద్ర స్థితి) ఎకోలో, అంటే కరెంటు పొదుపులో, ఉందేమో కూడా చూడు. కొన్ని ప్రొజెక్టర్లు అలా పెడితే నిద్రలో నెట్‌వర్క్‌ను కూడా ఆపేసుకుంటాయి. ఆఫ్ చేయగలవు కానీ ఆన్ చేయలేవు. ఐపీ అడ్రస్ స్థిరంగా పెట్టు, లేదంటే కరెంటు పోయి వచ్చాక అది వేరే అడ్రస్‌లో కూర్చోవచ్చు. ఈ పరికరాలను హాస్టల్ వైఫైతో కలపకు. పిల్లలు తెలివైనవాళ్లు, ఒక్కడికి 4352 తెలిసిందంటే క్లాసు మధ్యలో తెర ఆరిపోతుంది.

నా పాత స్క్రిప్ట్ వాట్సాప్‌లో పంపుతున్నాను. ఇప్పుడది ప్రతి జవాబునూ టైముతో సహా ఫైల్లో రాస్తుంది. అందులోని ఐపీలు మా దగ్గరివి, మార్చుకో. రేపు పొద్దున హాలు ఖాళీగా ఉన్నప్పుడు ముందు ప్రశ్నార్థకంతో అడిగి, ఏ అంకె వచ్చిందో నాకు చెప్పు.

మీ మామ