గుంటూరులో ఫైర్‌మన్ కావాలంటే కార్పొరేషన్‌లో అప్లై చేయాలా? ఫైర్ సేఫ్టీ కోర్సు తప్పనిసరా?

తమ్ముడూ, ఇంటర్ అయిపోయింది, గుంటూరు ఫైర్ స్టేషన్‌లో చేరాలంటే కార్పొరేషన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలా, ముందే ఏదైనా ఫైర్ సేఫ్టీ కోర్సు చేసి ఉండాలా అని అడిగావు. రెండూ అక్కర్లేదు. నేను 2018 నోటిఫికేషన్‌లో సెలెక్టయి ఈ చుట్టుపక్కల స్టేషన్లలోనే పనిచేస్తున్నాను, నాకు తెలిసింది చెబుతాను.

ముంబైలో ఫైర్ బ్రిగేడ్ అక్కడి కార్పొరేషన్‌ది. మన దగ్గర అలా కాదు. గుంటూరైనా విజయవాడైనా ఫైర్ స్టేషన్ రాష్ట్ర ప్రభుత్వానిదే. ఫైర్‌మన్ పోస్టులు భర్తీ చేసేది పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు, అదే మనం ఎస్‌ఎల్‌పీఆర్‌బీ అంటాం చూడు, అది. 2018లో కానిస్టేబుల్ నోటిఫికేషన్‌తో కలిపే ఇచ్చారు. మొత్తం 2,723 పోస్టుల్లో ఫైర్‌మన్‌వి 400. ఆ తర్వాత 2022లో 6,100 పోస్టులతో నోటిఫికేషన్ వస్తే అందులో సివిల్ కానిస్టేబుళ్లు, ఏపీఎస్పీ అంటే స్పెషల్ పోలీసు బెటాలియన్ల పోస్టులు తప్ప ఫైర్‌మన్ ఒక్కటీ లేదు. ఇది చెప్పడం నిన్ను నీరుగార్చడానికి కాదు. ఫైర్‌మన్ ఒక్కటే రాస్తానని భీష్మించుకుని కూర్చోవద్దని. కానిస్టేబుల్‌కి చదువు, ఫైర్‌మన్ పడితే ఆప్షన్ పెట్టుకో. సిలబస్ ఒకటే.

ప్రిలిమ్స్ 200 ప్రశ్నలు, 200 మార్కులు. ఓసీకి 40 శాతం, బీసీకి 35, ఎస్సీ ఎస్టీలకు 30 వస్తే గట్టెక్కినట్టే. చాలామంది ఆగిపోయేది గ్రౌండ్‌లో. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. మొదటి నెల నాకు తొమ్మిదిన్నర పట్టేది. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియానికి తెల్లారకముందే వెళ్లేవాణ్ణి. గుంటూరు ఎండలు నీకు చెప్పక్కర్లేదు, ఏడు దాటితే పరుగు మాట మర్చిపోవాల్సిందే. మూడో నెలకి ఏడున్నరకి వచ్చాను. పుస్తకం పట్టుకున్న రోజే బూట్లు కూడా కట్టు. ప్రిలిమ్స్ పాసయ్యాక మొదలెడదాంలే అనుకున్న నా ఫ్రెండ్ పిక్కలు పట్టేసి కూర్చున్నాడు.

ఇక కోర్సు సంగతి. నేనూ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఇరవై వేలు పోసి ఆరు నెలల సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, 'ప్రిఫరెన్స్ ఉంటుంది' అంటే నమ్మి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు దాన్ని ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టుకుని వెళ్లాను. ఎవరూ దాని మొహం కూడా చూడలేదు. ఇంటర్ మెమో, కులం, స్టడీ సర్టిఫికెట్లు, అంతే. ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఉద్యోగాలకు మంచి డిప్లొమా పనికొస్తుంది, కాదనను. కానీ మన స్టేషన్‌కి పని నేర్పేది డిపార్ట్‌మెంటే. ఆ డబ్బుతో డ్రైవింగ్ నేర్చుకో, వీలైతే హెవీ లైసెన్స్ దాకా వెళ్లు, ఎప్పటికైనా అక్కరకొస్తుంది. 'పోస్టు ఇప్పిస్తా' అని లక్షలడిగే వాళ్లూ తగులుతారు. మా నాన్న దగ్గరికీ ఒకడు వచ్చాడు. టీ ఇచ్చి పంపేశాం.

పని ఎలా ఉంటుందో నువ్వు అడగలేదు కానీ, అసలు అడగాల్సింది అదే. ఎండాకాలం పల్లెల్లో గడ్డివాములు, ఊళ్లో షార్ట్ సర్క్యూట్లు, బావిలో పడ్డ గేదెలు, గాలివానకి రోడ్డు మీద పడ్డ చెట్లు. మిగతా టైమంతా డ్రిల్లు, హోస్‌లు అంటే నీళ్ల పైపులు చుట్టడం, పంపు స్టార్ట్ చేసి చూసుకోవడం, ఎదురుచూడటం. మామూలుగా ఒక ఫైరింజన్‌లో 4,500 లీటర్ల నీళ్లుంటాయి. రెండు పైపులు వదిలామంటే నిమిషాల్లో ఖాళీ. అందుకే మంట దగ్గరికి వెళ్తూనే మా కళ్లు చెరువో, బోరో, కాలవో ఎక్కడుందా అని వెతుకుతుంటాయి.

గుంటూరు అంటున్నావు కాబట్టి మిర్చి సంగతి చెప్పాలి. తాలింపులో రెండు ఎండుమిరపకాయలు మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది కదా. వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్న కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకో. కిటికీలుండవు, పొగ పోయే దారుండదు, గోడల లోపల వేసిన థర్మాకోల్ కూడా అంటుకుంటుంది. నా మొదటి పెద్ద కాల్ అలాంటిదే. జేసీబీతో గోడ పగలగొట్టి, ఆ కంతలోంచి నీళ్లు కొట్టాం. మేం మాస్కుతో పాటు వీపుకి తగిలించుకునేదాన్ని ఆక్సిజన్ సెట్ అని జనం అంటారు గానీ ఆ సిలిండర్‌లో ఉండేది మామూలు గాలే. అది అయిపోవస్తే ఈల మోగుతుంది, వెంటనే బయటికి వచ్చేయాలి. ముఖానికి మాస్కు ఉంది సరే, మెడ, చేతులు, చెమట పట్టిన ప్రతిచోటా కారం. రూముకొచ్చి ఆత్రంగా నాలుగు చెంబులు పోసుకున్నాను, ఒళ్లంతా భగ్గుమంది. మా లీడింగ్ ఫైర్‌మన్ నవ్వి, 'ముందు కొబ్బరినూనె రాసుకోవాలిరా అబ్బాయ్' అన్నాడు. ఆ మాట ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. లోపల టిక్కీలు మాత్రం మూడో రోజు కూడా పొగలు కక్కుతూనే ఉన్నాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మమ్మల్నీ విజయవాడ పంపారు. మేం ఫైరింజన్లతో ఇళ్లు కడిగాం. నీళ్లు తీశాక మోకాళ్ల దాకా బురద, తడిసి ఉబ్బిన బీరువాలు. ఒక మామ్మగారు దేవుడి గదిలో పైపు కాస్త మెల్లగా పట్టమన్నారు. ప్రెషర్ తగ్గించి, పటాలు ఒక్కొక్కటే బయటికి తీసి ఇచ్చి, అప్పుడు కడిగాను. ఇదీ మన ఉద్యోగమే. ఒప్పుకోగలనంటే రా.

మన దగ్గర నోటిఫికేషన్ పడేదాకా వేరే దారులు కూడా చూసుకో. సీఐఎస్‌ఎఫ్‌లో, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో, కానిస్టేబుల్ ఫైర్ ఉంది, ఇంటర్‌లో సైన్స్ ఉండాలి. 2024లో 1,130 పోస్టులు వేశారు. అక్కడ పరుగు 5 కిలోమీటర్లు, 24 నిమిషాల్లో. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కూడా ఫైర్ సర్వీస్‌కి జూనియర్ అసిస్టెంట్లను తీసుకుంటుంది, దానికి డ్రైవింగ్ లైసెన్స్ కావాలి. డిగ్రీ చేసే ఉద్దేశం ఉంటే ఆపకు. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు 2018లో ఎస్‌ఐ నోటిఫికేషన్‌తో పాటే పడ్డాయి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారోత్సవాలు చేస్తాం. 1944లో ఆ తేదీన బొంబాయి రేవులో పేలుడు జరిగి, మంటలార్పడానికి వెళ్లిన ఫైర్‌మన్‌లు చనిపోయారు. ఆ వారంలో ఒకరోజు దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్లు. సిగ్గుపడకుండా అడిగి, నీళ్లు నిండిన హోస్‌ని ఒకసారి పట్టుకుని చూడు. పక్కన ఇంకొకణ్ణి మాత్రం ఉండమను, మొదటిసారి అది నిన్నే లాక్కెళ్తుంది.