గడ్డలో చీము పట్టాక మాత్రలతో పోదు

ఆసనం (మలద్వారం) పక్కన గడ్డ లేచి నాలుగు రోజులైంది, కూర్చోలేకపోతున్నా, యాంటీబయాటిక్స్ వాడితే కోత లేకుండా తగ్గుతుందా అని అడిగారు. నాకైతే తగ్గలేదు.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. పోయినేడు పత్తి సీజన్‌లో నాకూ ఆసనం పక్కనే బఠాణీ గింజంత గట్టిగా తగిలింది. మొలలే అనుకున్నా. అమ్మ "వేడి చేసింది కొడుకా" అని మజ్జిగ తాగించింది. ఊళ్లో ఆర్‌ఎంపీ చూడకుండానే పైల్స్ ఆయింట్‌మెంట్, ఐదు రోజుల మాత్రలు ఇచ్చాడు. ఆయన్ని అనడానికేం లేదు, సిగ్గుతో నేనే చూపించలేదు. మూడో రాత్రికి నిమ్మకాయంత అయింది. ఒకటే పోటు, చలిజ్వరం. పొద్దున నర్సంపేట బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా హన్మకొండ దాకా నిలబడే వచ్చాను. కూర్చోమని కండక్టర్ రెండుసార్లు అన్నాడు, ఏం చెప్పను!

సర్జన్ చూడగానే చీముగడ్డ అన్నాడు. ఆసనం లోపల చిన్న గ్రంథులుంటాయట. వాటి దారి మూసుకుపోతే చీము పట్టి చర్మం వైపు తోసుకొస్తుంది. చీము గూడు కట్టాక మందు అందులోకి సరిగా చేరదు, కోసి చీము బయటికి వదిలేయాల్సిందే. మత్తిచ్చి పావుగంటలో చేశారు. మెలకువ వచ్చేసరికి ఆ పోటు లేదు. అప్పుడే నాకు షుగర్ ఉందని కూడా బయటపడింది. మీరూ షుగర్ పరీక్ష చేయించుకోండి.

కుట్లు వేయలేదేంటని ఇంట్లో గొడవ. పైన ముందే మూసుకుంటే లోపల మళ్లీ చీము పడుతుంది, పుండు అడుగు నుంచి మానాలి. నాకు ఐదు వారాలు పట్టింది. ఉపశమనమంతా గోరువెచ్చని నీళ్ల టబ్బులోనే ఉంది. రోజుకు మూడుసార్లు, దొడ్డికి వెళ్లొచ్చాక తప్పనిసరిగా, 10-15 నిమిషాలు కూర్చునేవాణ్ని. ఎవరూ బట్టలు నానబెట్టకుండా మా ఆవిడ టబ్బు మీద మార్కర్‌తో నా పేరు రాసింది. ఇప్పటికీ ఉంది.

మానాక కూడా అదే చోట చిన్న చిల్లు, లోదుస్తులకు మరక కనిపిస్తే వదిలేయకండి. అది ఫిస్టులా, అంటే ఆసనం లోపలి నుంచి చర్మం దాకా పడ్డ దారి. మనవాళ్లు భగందరం అంటారు. చీముగడ్డ వచ్చినవాళ్లలో మూడోవంతు నుంచి సగం మందికి అలా అవుతుందట. నాకూ అయింది. ఎంఆర్‌ఐ తీసి, ఆ దారి మలాన్ని ఆపే బిగువు కండరంలోంచి ఎంత పోతోందో చూసి, అందులోంచి దారం వేశారు. ఆ కథ వేరే.

ఇంట్లో సూదితో గుచ్చుకోవద్దు, పిండొద్దు. జ్వరం ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా, షుగర్ ఉన్నా, మూత్రం ఆగినా రేపటిదాకా ఆగకండి, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ రాత్రంతా తెరిచే ఉంటుంది. ఏమీ తినకుండా వెళ్లండి, షుగర్ మందులు వాడుతుంటే ముందే చెప్పండి. నేను నాలుగు ఇడ్లీలు తిని వెళ్లి, మత్తు ఇవ్వడానికి ఆరు గంటలు ఆగాల్సి వచ్చింది. అదీ బోర్లా పడుకుని.