సూక్ష్మజీవుల సంగతులు: మీ ఉత్తరాలు, మా జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా ఇంట్లో ఎవరికి జలుబు చేసినా సందు చివర మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ 3 బిళ్లలు తెచ్చుకుంటాం, నాలుగో రోజుకి తగ్గిపోతుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు అని మా అబ్బాయి వాదన. పనిచేయకపోతే ఎలా తగ్గుతోందండీ?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే కరెక్టమ్మా. అలాగని మీరు కళ్లతో చూస్తున్నదీ అబద్ధం కాదు. గొంతు గరగరలాడిన మొదటి రోజు మీరు షాపుకెళ్లరు, మిరియాల పాలు తాగి పడుకుంటారు. మర్నాడు ముక్కు కారుతున్నా సర్లే అనుకుంటారు. ముక్కులు బిగుసుకుపోయి, తల దిమ్మెక్కి, ఇక నావల్ల కాదు అనిపించేసరికి మూడో రోజో నాలుగో రోజో వస్తుంది, అప్పుడు కదా బిళ్ల వేసుకునేది! మామూలు జలుబు వారం, పది రోజుల్లో దానంతటదే పోతుంది. అది దిగే దారిలో ఉన్నప్పుడు మీరు బిళ్ల వేశారు, పేరు బిళ్లకొచ్చింది. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే.

అసలు ఎందుకు పనిచేయదంటే, బ్యాక్టీరియాది ఒంటిగది కాపురమే అయినా సొంత ఇల్లు. చుట్టూ గోడ ఉంటుంది, లోపల ప్రొటీన్లు వండుకునే వంటిల్లు ఉంటుంది, దాన్ని రైబోజోమ్ అంటారు. అమాక్సిసిలిన్ లాంటివి ఆ గోడ కట్టుకోనివ్వవు. అజిత్రోమైసిన్ వంటింట్లో పొయ్యి ఆర్పేస్తుంది. మన కణాల్లోనూ రైబోజోములు ఉన్నాయి గానీ వాటి తయారీ వేరు, అందుకే మనకి దెబ్బ తగలదు. వైరస్‌కి మాత్రం గోడా లేదు, వంటిల్లూ లేదు. దాని దగ్గరున్నది వంట చీటీ (అంటే దాని జన్యు సమాచారం) ఒక్కటే, దాన్ని పట్టుకుని మన కణంలోకి దూరి మన వంటింట్లోనే, మన సరుకులతోనే తనలాంటివాటిని వేలల్లో వండించుకుంటుంది. ఇక యాంటీబయాటిక్ వెళ్లి దేన్ని కొట్టాలి?

సరే, పనిచేయకపోతే పోనీ, నష్టమేముంది అంటారేమో. ఆ బిళ్ల మీ పేగుల్లో బుద్ధిగా బతుకుతున్న బ్యాక్టీరియా మీద పడుతుంది. లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి ఆ జాగా అంతా ఆక్రమిస్తాయి, పైగా మందుని తట్టుకునే జన్యువుల్ని పక్కవాటికి పంచిపెడతాయి కూడా (బ్యాక్టీరియాలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు మామూలే, వేరే జాతి అన్న పట్టింపు కూడా లేదు). ఊరంతా ఇలా జలుబుకి మింగుతూ పోతే, రేపు నిజంగా టైఫాయిడ్ వచ్చినవాడి గతేంటి? టైఫాయిడ్‌కి నోటిద్వారా ఇచ్చే మందుల్లో డాక్టర్లు ఈ రోజుల్లో బాగా నమ్ముకుంటున్న వాటిలో ఇదే అజిత్రోమైసిన్ ఒకటి. ఈసారి ఆ స్ట్రిప్ తిప్పి చూడండి, నిలువుగా ఎర్రగీత ఉంటుంది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. షాపతను అమ్ముతున్నాడంటే తప్పు అతనిది కూడా, నేను కాదనను.

ఒక్క మాట. పిల్లలకి దగ్గూ ముక్కు కారడమూ లేకుండా, బాగా జ్వరంతో గొంతు నొప్పి వచ్చి మింగలేకపోతుంటే జలుబే కదా అని ఊరుకోవద్దు. అది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కావచ్చు, వదిలేస్తే కొందరిలో తర్వాత గుండె కవాటాలు దెబ్బతింటాయి. అక్కడ యాంటీబయాటిక్ కావాల్సిందే, కోర్సు పూర్తిగా వాడాల్సిందే.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలకి పెద్దగా ఉన్నప్పుడే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది, అదీ బ్యాక్టీరియా వంటింటి మీదే పనిచేస్తుంది.

ప్రశ్న: మలేరియా బ్యాక్టీరియానా, వైరసా? – ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: రెండూ కాదు, ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి. మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ పొట్టలో దాన్ని రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ 1897 ఆగస్టు 20న చూశాడు, ఎక్కడో కాదు, సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో. ఆ భవనం ఇప్పటికీ ఉంది, హైదరాబాద్ వెళ్తే చూసి రా.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. చలికాలం వస్తే చాలు పెరుగు తోడుకోదు, పాలు అలాగే ఉంటాయి. తోడు ఎక్కువ వేస్తే పుల్లగా, జిగురుగా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు వేసే చెంచాడు తోడులో కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి, కాబట్టి కొరత వాటి సంఖ్యలో లేదు, వెచ్చదనంలో ఉంది. అవి పాలలోని చక్కెరని తిని లాక్టిక్ ఆమ్లం చేస్తాయి, ఆ పులుపుకి పాలలోని ప్రొటీన్ గడ్డకడుతుంది. చల్లగా ఉంటే ముడుచుకుని కూర్చుంటాయి, మరీ వేడి పాలలో వేస్తే చచ్చిపోతాయి. మా అమ్మమ్మ పాలలో చిటికెనవేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టేది. వేలు వెచ్చగా హాయిగా ఉంటే తోడు వేసేది, చురుక్కుమంటే ఇంకాసేపు ఆగేది. సుమారు 40 డిగ్రీలన్నమాట. మీరూ అలాగే చూసి, తోడు తగ్గించి, గిన్నెని ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి ఉంచండి (ఓవెన్ వేయకండి బాబూ). పొద్దుటికి తోడుకుంటుంది. అసలు తోడే లేనప్పుడు పచ్చిమిర్చి తొడిమలు వేసేవాళ్లు కదా, అక్కడా పని చేసేది తొడిమలని అంటిపెట్టుకున్న బ్యాక్టీరియానే. కానీ దానితో వచ్చిన మొదటి పెరుగు రుచి నాకైతే నచ్చదు, దాన్ని తోడుగా వేసి రెండోసారి చేసుకోండి.

ప్రశ్న: వీధికుక్క మా బాబు పిక్క పట్టుకుంది. గాటు చిన్నదే, రక్తం కొంచెం వచ్చింది. మా అత్తగారు కారం, పసుపు అద్దారు. కుక్క బాగానే తిరుగుతోంది. పది రోజులు చూసి సూది వేయించవచ్చా?
– పేరు వేయవద్దన్నారు

జవాబు: ఈమెకి ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి చెప్పేశాం, ఇక్కడ వేస్తున్నది మిగతావాళ్ల కోసం. ఆగకూడదమ్మా. కారం, పసుపు, సున్నం ఏవీ పెట్టకూడదు. కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసుకుని మరీ కడగాలి. రేబిస్ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరని చీల్చేస్తుంది. తప్పించుకున్న వైరస్ రక్తంలో పడి పోదు, నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు ఎక్కుతుంది. అందుకే దానికంటే ముందు టీకా పనిచేసే టైమ్ మనకి దొరుకుతోంది. అది మెదడుకి చేరి లక్షణాలు మొదలయ్యాక బతికించుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి అదే రోజు మొదటి సూది, తర్వాత డాక్టర్ రాసిచ్చిన తేదీల్లో మిగతావి, ఒక్కటి కూడా మానకుండా. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా వేయాలి, ఆస్పత్రిలో వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. కుక్కని పది రోజులు చూడటం అంటారా, చూడండి, కానీ మొదటి సూది వేయించాక.